సవారో గారికి, మూడు గంటల ఎండలోంచి

ఎడారి కాక్టస్ మహారాజశ్రీ సవారో గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తమరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో (Saguaro) 'జి' అక్షరం ఉన్నా పలకకూడదని, అరిజోనా వచ్చిన మూడేళ్ళకి గానీ నాకు తెలీలేదు. అది క్షమించేశాను. నిన్నటిది మాత్రం మింగుడు పడటం లేదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కారెక్కించుకుని ఫీనిక్స్ నుంచి రెండు గంటలు నడిపి, టూసాన్‌లో మీ పేరున్న నేషనల్ పార్కుకి వచ్చాను. మే నెల. పూలు చూపిస్తానని అమ్మకి మాటిచ్చాను. 1931 నుంచి రాష్ట్ర పుష్పం కూడా మీదేనాయె. మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఎక్కడో తాటిచెట్టంత ఎత్తున, చేతుల్లాంటి మీ కొమ్మల చివర, పూలన్నీ ముడుచుకుని ఉన్నాయి.

రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా మూసేస్తారట. ఆ పువ్వు ఇక తెరుచుకోదట. గబ్బిలాలకి రాత్రి దర్శనం, తేనెటీగలకీ పావురాలకీ పొద్దుటి దర్శనం. గుడికైనా సాయంత్రం మళ్ళీ తలుపులు తీస్తారండీ!

నీడ సంగతి ఎత్తకూడదనుకున్నాను. కానీ చిన్నప్పుడు పాలో వెర్డే చెట్టు కింద ఒదిగి పెరిగింది తమరే కదా? 8 ఏళ్ళకి ఒకటిన్నర అంగుళం కూడా దాటని రోజుల్లో ఎండ తగలకుండా కాచింది అదే కదా? మాకు నిలబడటానికి చారెడు నీడ లేదు. మీ చుట్టం చోయా కాక్టస్ ముళ్ళు నాన్న పాంటుకి అంటుకుంటే దువ్వెనతో పీకాం.

అసలు ఏమనుకుంటున్నావు నువ్వు? వాన పడితే తాగి తాగి రెండు టన్నులు తూగుతావు. వడ్రంగి పిట్టకి ఒంట్లో ఇల్లిస్తావు, అది ఖాళీ చేస్తే గుడ్లగూబని దింపుకుంటావు. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. మా అమ్మకి ఒక్క పువ్వు చూపించడానికి నీకేం పోయింది?

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ అంది: "ఇది మన బ్రహ్మకమలం చుట్టమేరా. అదీ రాత్రే కదా పూసేది? చిన్నప్పుడు కుండీ ముందు కూర్చుని నిద్రాపుకోలేక నా ఒళ్ళో పడేవాడివి. నన్నడిగితే చెప్పేదాన్నిగా."

అడగలేదు. ఫోన్‌లో కూడా చూసుకోలేదు.

వచ్చే శనివారం తెల్లవారుజామున మూడింటికి బయల్దేరుతున్నాం. పార్కులో నిప్పు వెలిగించకూడదమ్మా అంటున్నా వినకుండా, హారతి కర్పూరం బ్యాగులో సర్దేసింది.

ఇట్లు,
ముక్కు తోలు ఊడుతున్న
మీ పొరుగువాడు