నిజం చెప్పి చెడిన నైట్రో

టీవీ కుస్తీ గురించి గంభీరంగా నాలుగు మాటలు చెప్పబోతే చాలు, పక్కనున్నవాళ్లు వెంటనే "అదంతా ఉత్తుత్తిదేగా?" అంటారు. సీరియల్లో అత్తగారు కోడలి పాలగ్లాసులో విషం కలుపుతూ మూడు వారాలు చెంచా తిప్పినా ఇదే మనుషులకు ఆ అనుమానం రాదు. పైగా కుస్తీవాళ్లు ఈ సంగతి ఎప్పుడో ఒప్పేసుకున్నారు. 1989లో న్యూజెర్సీ సెనేట్ ఎదుట కుస్తీ షోల యజమాని విన్స్ మెక్‌మాన్ కంపెనీ తరఫున చెప్పుకున్నది అదే: మాది పోటీ కాదు మహాప్రభో, వట్టి వినోదం. సత్యం మీద మమకారంతో చెప్పలేదు లెండి. పోటీ క్రీడ అంటే అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ, దాని ఫీజులూ పన్నులూ నెత్తిన పడతాయి. పన్ను తగ్గుతుందంటే నిజం చెప్పడానికి వెనకాడే వ్యాపారి ఎవరుంటారు?

ఇక మన సంగతంటారా, 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో కుస్తీ తారలు జాన్ సీనా, సేత్ రాలిన్స్ జంటగా దిగినప్పుడు గొంతులు చించుకున్నవాళ్లలో అమాయకులెవరూ లేరు. పద్యనాటకంలో ప్రాణం విడిచిన పాత్రధారిని 'వన్స్ మోర్' అని లేపి, అదే రాగం మళ్లీ తీయించుకున్న జాతి మనది. అండర్‌టేకర్ అనే వస్తాదు పడుకున్నవాడు పడుకున్నట్టే లేచి కూర్చుంటే మనం ఎందుకు కంగారు పడతాం?

కాబట్టి ఫలితం ముందే రాసి ఉందా అన్న కేసు ఇక్కడితో కొట్టివేయడమైనది. సమీక్షకు రావలసిన అసలు దావా వేరే ఉంది. 1995 సెప్టెంబరు 4 నుంచి 2001 మార్చి 26 దాకా అమెరికాలో సోమవారం రాత్రి వచ్చిందంటే ఒకే వేళకు రెండు చానళ్లలో రెండు కుస్తీ షోలు. ఒకటి మెక్‌మాన్ గారి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి 'రా'. రెండోది సీఎన్ఎన్ పెట్టిన టెడ్ టర్నర్ గారి డబ్ల్యూసీడబ్ల్యూ వారి 'నైట్రో'. రింగులో ఎవరు గెలవాలో రాసేవాళ్లకు తెలుసు. చూసేవాడి చేతిలో రిమోటు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ అయిదున్నరేళ్లలో స్క్రిప్టు లేకుండా జరిగిన కుస్తీ అదొక్కటే.

తీర్పు ముందే చెప్పేస్తాను, నాకు సస్పెన్స్ నడపడం రాదు. 'రా' అబద్ధాన్ని నమ్ముకుని బతికింది. 'నైట్రో' నిజం చెప్పి చెడింది.

అసలు 'నైట్రో' పుట్టుకే సర్వీసు రూల్సుకు విరుద్ధం. మొదటి ఎపిసోడ్ మిన్నెసోటాలో మాల్ ఆఫ్ అమెరికా అనే షాపింగ్ మాల్‌లో పెట్టారు. దుకాణాల నడుమ రింగు, పై అంతస్తుల రెయిలింగులు పట్టుకుని వంగి చూస్తున్న జనం. ఆ జనం మధ్యకు లెక్స్ లూగర్ అనే వస్తాదు తాపీగా నడుచుకుంటూ వచ్చాడు. ముందురోజు కెనడాలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ షోలో డ్యూటీ చేసిన మనిషి. కాంట్రాక్టు గడువు తీరిపోయినా పాత యజమాని దగ్గర పని చేసుకుంటూ వచ్చాడు. రాజీనామా లేదు, రిలీవింగ్ ఆర్డర్ లేదు, నో డ్యూస్ సర్టిఫికెట్ లేదు. యజమానికి కబురు అందింది టీవీలోనే.

ఆ డిసెంబరు 18న అంతకు మించిన ఉల్లంఘన జరిగింది. 'రా'లో అలండ్రా బ్లేజ్ పేరుతో మహిళా చాంపియన్‌గా ఉన్న మడూసా, ఆ కంపెనీ చాంపియన్ బెల్ట్ పట్టుకుని 'నైట్రో'లో ప్రత్యక్షమై, కెమెరా ముందే దాన్ని చెత్తబుట్టలో పడేసింది. కంపెనీ ఆస్తిని స్టోర్స్‌లో అప్పగించకుండా ఇలా డిస్పోజ్ చేయడానికి ఎవరు అనుమతించారో రికార్డులో లేదు. 2015లో, డబ్ల్యూడబ్ల్యూఈగా పేరు మార్చుకున్న ఆ కంపెనీ వాళ్లే ఆమెను హాల్ ఆఫ్ ఫేమ్‌కు పిలిచి సన్మానిస్తే, వేదిక మీద చెత్తబుట్టలోంచి బెల్ట్ తీసి చూపించింది. ఆడిట్ అభ్యంతరం తీరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన దగ్గరితో పోలిస్తే త్వరగానే తీరింది.

ఇవన్నీ క్షమించవచ్చు. 'నైట్రో' అసలు జబ్బు నిజాయితీ. అది ప్రతి వారం లైవ్. 'రా' మాత్రం ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని వారాలవి ముందే రికార్డు చేసి పెట్టుకునేది. 'నైట్రో'కు అధిపతీ కామెంటేటరూ అయిన ఎరిక్ బిషాఫ్ షో మొదట్లోనే, అవతలి చానల్లో ఈ రోజు ఫలానావాడు గెలుస్తాడు, చూసి టైం వేస్టు చేసుకోకండి అని చెప్పేసేవాడు. మనకు సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఈ మహానుభావుడు పదేళ్ల ముందే అమలు చేశాడు, అర్జీ లేకుండా, పది రూపాయల ఫీజు లేకుండా.

నిజం ఎంత దూరం వెళ్లిందంటే, 1997 నవంబరు 17న రిక్ రూడ్ అనే వస్తాదు ఒకే రాత్రి రెండు షోల్లోనూ కనిపించాడు. రికార్డు చేసిన 'రా'లో నిండు గడ్డం. లైవ్ 'నైట్రో'లో గడ్డం గీసుకుని మీసంతో వచ్చి, అవతల నన్ను చూపిస్తున్నది పాత టేపు అని రుజువుతో సహా చెప్పాడు. ప్రసార చరిత్రలో ఒక రేజరు సాక్షిగా నిలబడిన సందర్భం నాకు ఇదొక్కటే తెలుసు.

న్యాయంగా చెప్పాలంటే అప్పటికి 'నైట్రో'యే మంచి షో. 1996 జులై 7న డేటోనా బీచ్‌లో హల్క్ హోగన్ విలన్‌గా మారాడు. అన్నేళ్లు పిల్లలకు విటమిన్లు వేసుకోండి, ప్రార్థన చేయండి అని చెప్పిన పెద్దమనిషి. ప్రేక్షకులు చేతికందినదల్లా రింగులోకి విసిరారు. అంతమంది ఏకాభిప్రాయంతో రింగును డంపింగ్ యార్డు చేయడం నటన వల్ల అయ్యే పని కాదు. ఆ ఊపులో వరసగా 83 వారాలు రేటింగుల్లో 'నైట్రో'దే పైచేయి. రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో, క్రిస్ జెరికో లాంటి చిన్నపాటి మనుషులు మొదటి గంటలో గాల్లో ఎగిరి ఒళ్లు హూనం చేసుకునేవారు. చివరి గంటలో హోగన్ ముఠా మైకు పట్టుకుని మాట్లాడేది. పని ఒకరిది, మైకు ఒకరిది. ఇంత వాస్తవికంగా ఆఫీసు జీవితాన్ని చూపిన షో మరోటి లేదు. ఆ ముఠా పేరు ఎన్‌డబ్ల్యూఓ. ముగ్గురితో మొదలై, కండువా కప్పించుకున్నంత తేలిగ్గా నల్ల టీషర్టు తొడుక్కుని వచ్చి చేరేవాళ్లతో ఎంత పెరిగిందంటే, కొన్నాళ్లకు ఎదురు నిలబడి దెబ్బలు తినడానికి ప్రతిపక్షమే కరువైంది.

ఇక 'రా' ఏం చేసింది? మొదట్లో టర్నర్ గారిని వెక్కిరిస్తూ స్కిట్లు వేసింది, అవి పేలలేదు. 1997 నవంబరు 9న మాంట్రియల్లో తన చాంపియన్ బ్రెట్ హార్ట్‌కు ఒక మాట చెప్పి, రింగులో ఇంకోటి చేసి బెల్ట్ లాగేసుకుంది. ఇది నిజమైన మోసం. జనం మెక్‌మాన్‌ను ఛీ అన్నారు. ఇంకొకరైతే సంజాయిషీ ఇచ్చేవారు. ఆయన ఆ ఛీత్కారాన్నే ఉద్యోగంగా స్వీకరించి, తెర మీద దుర్మార్గపు యజమాని పాత్ర వేయడం మొదలుపెట్టాడు. ఆయన్ను వారం వారం ఉతికే ఉద్యోగిగా స్టీవ్ ఆస్టిన్‌ను నిలబెట్టాడు. 1999 మార్చిలో ఆస్టిన్ ఒక బీరు ట్రక్కు నేరుగా రింగు దాకా తోలుకొచ్చి, గొట్టం పట్టి యజమానిని బీరుతో తడిపేశాడు. షోకాజ్ నోటీసు లేదు, మెమో లేదు, వచ్చే సోమవారం మళ్లీ డ్యూటీ. బాసు ఉన్న ప్రతివాడూ ఆ చానలే పెట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది?

83 వారాల వరసను తెంచిన రాత్రి, 1998 ఏప్రిల్ 13, చూడండి. ఆస్టిన్‌కూ మెక్‌మాన్‌కూ మ్యాచ్ అని ఊరించారు. తీరా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డాక మధ్యలో మూడోవాడు దూరి అది కాస్తా చెడిపోయింది. చెప్పింది చేయలేదు, రేటింగ్ గెలిచారు.

దీనికి బిషాఫ్ జవాబు చరిత్రలో నిలిచిపోదగింది. మరుసటి నెల తన పే-పర్-వ్యూకి, అంటే విడిగా డబ్బు కట్టి చూసే షోకి, దమ్ముంటే రా అని మెక్‌మాన్‌ను పిలిచాడు. రాడని భూమ్మీద అందరికీ తెలుసు. ఆ రోజు బిషాఫ్ కరాటే దుస్తుల్లో రింగులో నిలబడ్డాడు. రిఫరీ పది దాకా లెక్కబెట్టాడు. ప్రత్యర్థి హాజరు కాలేదు కనుక బిషాఫ్ గెలిచినట్టు ప్రకటించారు. ఎక్స్‌పార్టీ డిక్రీ! అప్పీలు గడువు ఎంతో చెప్పలేదు.

రిఫరీ అంటే గుర్తొచ్చింది. రెండు షోల మధ్య ఎంత పగ ఉన్నా ఈ పదవి గౌరవం విషయంలో పూర్తి ఏకాభిప్రాయం. నూట నలభై కిలోల వస్తాదు ఇనప కుర్చీతో నెత్తిన తిని రెండు నిమిషాల్లో లేస్తాడు. రిఫరీకి మాత్రం పక్కనుంచి మోచెయ్యి తగిలిందా, నాలుగు నిమిషాలు స్పృహ ఉండదు. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే మేనేజరు వస్తాడు, తమ్ముడు వస్తాడు, కుర్చీ వస్తుంది. పని అయ్యాక అధికారి గారు పాక్కుంటూ వచ్చి, కళ్లు సగమే తెరిచి, వణికే చేత్తో మ్యాటు మీద మూడు కొడతారు. అది చెల్లుతుంది. స్పృహలో ఉన్న రోజున ఇంకో ఏర్పాటు. ఎవరో తాడు పట్టుకుని బయట నిలబడి వాదన పెట్టుకుంటారు, అధికారి గారు ఆ అర్జీదారు వైపు తిరుగుతారు, వెనకాల హత్యాయత్నం నడుస్తుంటుంది. హాల్లో వేలమంది వేళ్లు చూపిస్తూ అరుస్తున్నా ఆయన తల తిప్పడు. ఫిర్యాదు ప్రాపర్ చానల్లో రాలేదు మరి.

1999 జనవరి 4. ఈ ఒక్క రాత్రినీ విడిగా దగ్గర పెట్టుకుని చూడాలి. 'నైట్రో' సొంత ఊరు అట్లాంటాలో జార్జియా డోమ్ కిక్కిరిసింది. అంతకు వారం ముందే 'నైట్రో' చాంపియన్ గోల్డ్‌బర్గ్ తొలి ఓటమి చూశాడు. 173 వరస గెలుపులని లెక్క. ఆ లెక్క సోమవారం సోమవారానికీ మధ్య ఎలా దూకేదో చూసిన వాళ్లకు ఏ ప్రభుత్వ శాఖ ప్రగతి నివేదికైనా నమ్మశక్యంగానే కనిపిస్తుంది. ప్రత్యర్థి కెవిన్ నాష్ తరఫున ఒకడు కరెంటు షాకిచ్చి మరీ ఆ వరసను ఆపాడు. ఆ రాత్రి ఇద్దరికీ మళ్లీ మ్యాచ్ అన్నారు. షో మొదలవగానే హోగన్ ముఠా మనిషి మిస్ ఎలిజబెత్ ఫిర్యాదుతో పోలీసులు గోల్డ్‌బర్గ్‌ను పట్టుకెళ్లారు. ఫిర్యాదులో పొంతన కుదరక వదిలేశారు కూడా. స్టేషన్ ఎక్కడో కాదు, రోడ్డుకు అవతల అన్నారు. ఆ రోడ్డు దాటి రావడానికి ఆయనకు షో అయ్యేదాకా పట్టింది.

ఈలోగా 'రా'లో రికార్డయిన ఫలితం చెప్పెయ్యమని కామెంటేటర్ టోనీ షియవోనీకి బిషాఫ్ ఆదేశం. ఒకప్పుడు ఇక్కడే పనిచేసిన మిక్ ఫోలీ అవతల బెల్ట్ గెలవబోతున్నాడు, ఇక వాళ్ల హాళ్లు నిండిపోతాయి చూడండి, అని ఎకసెక్కంగా చెప్పాడు. లక్షలమంది ఆ మాట విని రిమోటు తీసుకున్నారు. ఫోలీ అంటే ఎవరు? ఈ కంపెనీలో పనిచేస్తూనే 1994లో మ్యూనిక్‌లో చెవి తెగగొట్టుకున్నవాడు, 1998లో అవతలి కంపెనీలో ఎత్తైన ఇనప పంజరం మీంచి కింది టేబుల్ మీదకు పడి మళ్లీ లేచి వచ్చినవాడు. లావాటి, జుట్టు చెదిరిన, ఎవరూ పోస్టరు అంటించుకోని మనిషి. వాడు గెలుస్తున్నాడంటే చూడకుండా ఎలా? ఆస్టిన్ వచ్చి అప్పటి చాంపియన్ ద రాక్‌ను కుర్చీతో కొట్టాడు, ఫోలీని మీద పడేశాడు, మూడు లెక్కబెట్టారు. రిఫరీ స్పృహలోనే ఉన్నాడు, ఆశ్చర్యం. ఫోలీ బెల్ట్ పట్టుకుని రింగు చుట్టూ పరిగెత్తి, మైకులో ఇంట్లో ఉన్న తన పిల్లలకు చెప్పుకున్నాడు.

ఇటు 'నైట్రో'లో గోల్డ్‌బర్గ్ బదులు హోగన్ దిగాడు. చెయ్యి వెనక్కి లాగాడు, కొట్టబోతున్నట్టు ఊపాడు, ఆపాడు. తర్వాత చూపుడువేలితో నాష్ ఛాతీ మీద ఒక్కసారి పొడిచాడు. ఏడడుగుల మనిషి చేతులు బార్లా చాపి, తుపాకీ గుండు తగిలినట్టు వెల్లకిలా పడ్డాడు. ఒకటి, రెండు, మూడు. ప్రపంచ చాంపియన్! ప్రతి కథలోనూ వేలు పెడతాడని హోగన్ మీద ఎప్పటినుంచో ఉన్న ఆరోపణకు ఇంతకంటే బహిరంగ రుజువు దొరకదు. ఆ రాత్రి రేటింగు 'రా'కు 5.7, 'నైట్రో'కు 5.0. ఆ తర్వాత ముఖాముఖి ఏ సోమవారమూ 'నైట్రో' గెలవలేదు.

పాపం, ఫోలీ గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఏడాది తిరిగాక 'రా' ఏం చూపించిందో తెలుసా? డెబ్బై దాటిన మే యంగ్ అనే పెద్దావిడకు తెర మీద ప్రసవం చేయించి, ఒక రబ్బరు చెయ్యి పుట్టిందన్నారు. బిడ్డ కాదు, చెయ్యి. రేటింగులకు ఈగ వాలలేదు. అదే ఏడాది 'నైట్రో' వాళ్లు సినిమా నటుడు డేవిడ్ ఆర్కెట్‌కు తమ ప్రపంచ బెల్ట్ కట్టబెడితే, అది మాత్రం నమ్మబుద్ధి కాలేదన్నారు జనం. అబద్ధం చెప్పాలంటే చెయ్యంత చెప్పాలి, వేలంత చెబితే దొరికిపోతారు.

2001లో టర్నర్ సామ్రాజ్యం ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్‌తో కలిశాక, కొత్త పెద్దలు తమ చానళ్లలో కుస్తీ వద్దన్నారు. ప్రసారమయ్యే వేళే లేని షోను కొనడానికి బిషాఫ్ వెనకున్న మదుపుదారులు ముందుకు రాలేదు. మెక్‌మాన్ కొన్ని మిలియన్ డాలర్లకు పేరూ టేపులూ కలిపి పట్టుకుపోయాడు. చివరి 'నైట్రో'లో మొదట కనిపించిన ముఖం ఆయనదే.

ఏడాదిన్నర తిరగకుండానే, 2002 జులైలో, 'రా'కు కొత్త జనరల్ మేనేజర్‌ను నియమించారు. తెర లేవగానే బిషాఫ్ నవ్వుతూ వచ్చాడు, మెక్‌మాన్ ఎదురెళ్లి కౌగిలించుకున్నాడు. ప్రత్యర్థి ఫలితాలు లీక్ చేసిన అనుభవం బయోడేటాలో చూపించాడో లేదో. 2005 డిసెంబరులో రింగులోనే విచారణ జరిపి, దోషి అని తేల్చి, సీనా చేత ఎత్తి పడేయించి, ఆపైన చెత్త లారీలో వేశారు. అప్పటికి సర్వీసు మూడేళ్ల చిల్లరే. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి.