ఎద్దుకు పళ్లు, కాలేజీకి గేటు

సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. తర్వాత నాలుగడుగులు నడిపిస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే అరక కట్టి చూస్తాడు. వేలల్లో తేలిపోయే బేరానికి ఇంత తతంగం. అదే మనిషి లక్షలు పోసి మెకానికల్ ఇంజినీరింగ్ సీటు కొనేటప్పుడు గేటు చూసి తిరిగొచ్చేస్తాడు. పైవాళ్లు దీన్ని అమాయకత్వం అనుకుంటారు గానీ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగిళ్లలో ఇదొక శాస్త్రం. ఇంతవరకూ ఎవరూ గ్రంథస్థం చెయ్యలేదు గనక ఆ భారం మనమే ఎత్తుకుందాం.

కాలేజీ నాణ్యత గేటు ఎత్తును బట్టి ఉంటుందన్నది ఇందులో మూలసూత్రం. లోపల ఫౌంటెన్ ఉంటే అదనపు మార్కులు, అందులో నీళ్లు కూడా ఉంటే ఇక డిస్టింక్షనే.

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన సాయంత్రమే కమిటీ కూర్చుంటుంది. అధ్యక్షులు విశాఖ మావయ్యగారు, ఫోన్‌లోనే. సభ్యులు చిన్నాన్న, పక్కింటి మేస్టారు, ఎవరూ పిలవకపోయినా వచ్చే కన్సల్టెన్సీ ఆయన. గుంటడికి ఓటు లేదు. వాడు మెకానికల్ అన్నాడని తెలియగానే వీధిలో పరామర్శలు మొదలవుతాయి. "ఏటి బాబూ, కంప్యూటర్ దొరకలేదేటి?" సునాబెడలో హెచ్ఏఎల్ సుఖోయ్-30 విమానాలకు ఇంజన్లు తయారుచేస్తోంది. దమన్‌జోడిలో నాల్కో, టికిరిలో ఉత్కళ్ అల్యూమినా, రాయగడ పక్కన జేకే పేపర్ మిల్లు రాత్రీ పగలూ నడుస్తున్నాయి. ఇన్ని యంత్రాల మధ్య పుట్టిన కుర్రాడు యంత్రాల చదువు చదువుతానంటే మనకు జాలి కలుగుతుంది.

కమిటీ అసలు ప్రతిభ బయటపడేది అంతకు రెండేళ్ల ముందే, గుంటణ్ని ఇంటర్‌కి విశాఖో విజయవాడో పంపినప్పుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని చీల్చిన గీత మన పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎప్పుడూ అడ్డం రాలేదు. ఎన్‌ఐటీల్లాంటి కేంద్ర కాలేజీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ కంప్యూటర్‌కి మాత్రం అది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రమంటే ఇల్లున్న చోటు కాదు, ప్లస్ టూ పాసైన చోటు. విశాఖలో ఇంటర్ చదివిన రాయగడ కుర్రాడు రూర్కెలా ఎన్‌ఐటీకి పైరాష్ట్రం వాడు, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి సొంత బిడ్డ. ఆ లెక్కన ఆంధ్రా ఈఏపీసెట్‌లోనూ సొంతమే అనుకుంటే పొరపాటు. అక్కడ లోకల్ కావాలంటే వరుసగా నాలుగేళ్లు చదివి ఉండాలి, రెండేళ్ల ఇంటర్ చాలదు. అంటే కన్వీనర్ సీటు దగ్గర నాన్ లోకల్, రూర్కెలా దగ్గర పరాయి. రెంటికీ చెడ్డ రేవడి అనే మాట ఈ కుర్రాణ్ని చూసే పుట్టిందేమో. తహశీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఒడిశా కాలేజీల సీట్లు పంచే ఓజేఈఈ కౌన్సెలింగ్ ఇంకా మిగిలే ఉంటుంది. 1956 నాటి బుర్లా కాలేజీ, బరంపురంలో 2009లో పెట్టిన పర్లా మహారాజా ప్రభుత్వ కాలేజీ ఆ దారిలోనివే. అయితే ఆ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాలన్న సంగతి కమిటీకి గుర్తొచ్చేది ఆప్షన్లు లాక్ చేసే రోజు మధ్యాహ్నం.

ప్లేస్‌మెంట్ గణితం మరీ సొగసైనది. బ్రోచర్‌లో ఎనభై శాతం అని ఉందనుకోండి. మెకానికల్లో సీట్లు 60, చేరినవాళ్లు 40. వాళ్లలో అరవై శాతం మార్కులుండి, ఒక్క బ్యాక్‌లాగూ లేనివాళ్లు 20 మంది. వీళ్లనే "అర్హులు" అంటారు. ఆఫర్లు 16 వచ్చాయి, కానీ తీసుకున్నది పదిమంది, ఆరుగురికి రెండేసి. పదహారుని ఇరవైతో భాగిస్తే ఎనభై. చేరిన నలభైమందిలో ఉద్యోగం దొరికింది పదిమందికి, అంటే పాతిక శాతం. ఆ పదిమందిలోనూ స్పానర్ పట్టే ఉద్యోగం ఎందరిది, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడింగ్ ఎందరిది అని ఎవరూ అడగరు. "హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంతండీ?" అని అడుగుతారు. వరసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం ఎంతో అడిగితే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి అప్పుడే ఫోనొస్తుంది.

గోడ మీద ఎన్‌బీఏ అని బంగారు అక్షరాలుంటాయి. రెండూ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులే. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడివిడిగా. ఆ బంగారం ఎలక్ట్రానిక్స్‌దా, మెకానికల్‌దా, ఏ ఏడాది దాకా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదవడానికి వంగడం మర్యాద కాదు.

ఇక కమిటీ ఎన్నడూ అడుగు పెట్టని చోటొకటుంది. వర్క్‌షాపు. ఎందుకంటే అక్కడ ఏసీ ఉండదు, బట్టలకు గ్రీజంటుకుంటుంది. తనిఖీ బృందం వస్తుందంటే ముందురోజే లేతులన్నిటికీ, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషన్లకు, ఆకుపచ్చ రంగు పూస్తారు. రంగు బాడీకి పూశారా, బెడ్ మీద కూడా పూశారా అన్నదొక్కటీ చూస్తే చాలు. చెక్కే పనిముట్టును మోసే క్యారేజీ అటూ ఇటూ జారేది ఆ బెడ్ మీదే. రోజూ పనిచేసే మిషన్‌కి అక్కడ నూనె మెరుస్తుంది గానీ రంగు నిలవదు. బెడ్ మీద రంగు నిగనిగలాడుతుంటే ఆ లేతు వర్క్‌షాపులో కాదు, మ్యూజియంలో ఉన్నట్టు. తర్వాత కింద ట్రేలోకి తొంగిచూడాలి. ఉంగరాలు తిరిగిన ఇనుప పొట్టు తెల్లగా మెరుస్తుంటే ఈ వారం ఎవరో ఆ మిషన్ తిప్పారు. ఎర్రగా తుప్పుపట్టి ముద్దకట్టి ఉంటే అది పోయినేటి పంట.

పనిముట్టును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్‌ని ఓ పక్కకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పితే స్లైడు వెంటనే కదలాలి. పావు చుట్టు తిరిగినా కదలకపోతే లోపల స్క్రూ, నట్టు అరిగిపోయాయని అర్థం. చుట్టుకి 5 మిల్లీమీటర్లు నడిచే స్క్రూ అయితే పావు చుట్టంటే 1.25 మిల్లీమీటర్లు. దాని మీద మిల్లీమీటరులో వందకు రెండు వంతుల తేడా కూడా రాకూడని పని నేర్పిస్తామంటారు. ఈ ఖాళీని బ్యాక్‌లాష్ అంటారు. లేతుకి బ్యాక్‌లాష్, విద్యార్థికి బ్యాక్‌లాగ్, రెంటికీ మూలం ఒకటే. బిగించి వాడనందువల్ల.

ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో, నీటి ధారతో తిరిగే పెల్టన్ వీల్ తొట్టిలో దోమ పిల్లలు ఈదుతుంటే సందేహం అక్కర్లేదు, అక్కడ నీళ్లు కదిలి నెలలైంది. సెంట్రిఫ్యూగల్ పంపు పక్కన బకెట్టుంటే మరీ మంచిది. పైపు అడుగున నీళ్లను ఆపే ఫుట్ వాల్వ్ కారిపోతోంది, పైపులో నీళ్లు నిలవడం లేదు, వేసిన ప్రతిసారీ బకెట్‌తో పోసి ప్రైమింగ్ చేస్తున్నారు. కనీసం నడుపుతున్నారు కదా, ఆ బకెట్టుకి దణ్ణం పెట్టాలి. నడపని చోట రీడింగులు సీనియర్ల రికార్డులోంచి వారసత్వంగా వస్తాయి, తాత ఇచ్చిన పొలంలాగ. పైపులో నీటి ప్రవాహం కొలిచే వెంచురీమీటర్ డిశ్చార్జి కోఎఫిషియెంట్ ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా 0.98. ఇంత నిలకడ జర్మనీ ప్రయోగశాలల్లో కూడా ఉండదు.

స్ట్రెంత్ ల్యాబ్‌లో కడ్డీల బలం తేల్చడానికి లాగి తెంపే నలభై టన్నుల యూటీఎం మిషన్‌కి తెర కట్టి ఉంటుంది, గుళ్లో దేవుడికి కట్టినట్టు. పక్కన తుక్కు డబ్బాలో తెగిన ఇనుప కడ్డీలు, ఒక ముక్క చివర గిన్నెలా, రెండో ముక్క చివర బొడిపెలా, కుప్పలుగా పడుంటే ఆ కాలేజీలో పిల్లల్ని చేర్చొచ్చు. ఒకే ఒక్క తెగిన కడ్డీని అద్దాల బీరువాలో పెట్టి ఉంటే అది స్థలపురాణం. వెల్డింగ్ షెడ్డులో ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టారో కూడా చూడాలి. మన వానాకాలంలో తెరిచిన అట్టపెట్టెలో పడేసిన రాడ్లు చెమ్మ తాగుతాయి, కట్టిన కుట్టు నిండా బుడగ చిల్లులు పడతాయి. తప్పు మాత్రం కుర్రాడి చేతిదంటారు.

ప్రిన్సిపాల్ గదిలోని సర్టిఫికెట్లకంటే వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ గోళ్లు నిజాయితీగా మాట్లాడతాయి. గోళ్ల కింద నలుపుండాలి. ఏటా ఎన్ని హ్యాక్సా బ్లేళ్లు తెప్పిస్తారని అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాలి, పైగా చాలడం లేదని విసుక్కోవాలి కూడా. ఇండస్ట్రియల్ విజిట్‌కి ఎక్కడికి తీసుకెళ్తారని అడిగినప్పుడు దమన్‌జోడి అంటే సరే. ఊటీ అంటే అక్కడ ఏ పరిశ్రమ చూపిస్తారో కూడా అడగొచ్చు. వీటన్నిటికీ పనిదినం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలి, ప్రాక్టికల్స్ జరిగే వేళకి. కమిటీ ఆదివారం ముహూర్తం పెడుతుంది.

ఆదివారం కమిటీని ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకులిచ్చారు. ఈ రోజే అడ్వాన్సు కడితే రాయితీ అన్నారు. గడువులోగా మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజు తిరిగివ్వాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదనీ సాంకేతిక కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, మరీ అనుమానిస్తున్నట్టుంటుందని. గుంటడు ఎప్పుడో జారుకుని, వాచ్‌మన్‌ని బతిమాలి వర్క్‌షాపు తాళం తీయించుకున్నాడు. ఆకుపచ్చగా మెరుస్తున్న లేతు దగ్గరికెళ్లి హ్యాండిల్ పావు చుట్టు తిప్పాడు. అర చుట్టు తిప్పాడు. స్లైడు ఉన్నచోటే ఉంది.

వరండాలోంచి చిన్నాన్న కేక వినిపించింది. "ఎక్కడికెళిపోనావురా? సంతకం పెట్టు రా, ఒరిజినల్స్ ఇచ్చేశాం!"