పిలకలు గిల్లినట్టే

మొన్న కొండపి నుంచి వచ్చిన చుట్టాల సూట్‌కేసులో మా అత్తయ్య రెండు డబ్బాలు పెట్టి పంపింది. పాలలో కలిపే పొడి. నాలుగేళ్ల మా వాడికి ఇమ్యూనిటీ పెరుగుద్దట, బుర్ర కూడా పెరుగుద్దట. ఆ రెండిటికీ సంబంధం ఉన్నమాట నిజమే. నా పేచీ అంతా ‘పెరుగుద్ది’ దగ్గరే.

మెదడులో కాపురముండే రోగనిరోధక కణాలను మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా పెట్టిన పేరది. దెబ్బ తగిలితేనో ఇన్ఫెక్షన్ వస్తేనో లేచే కాపలావాళ్లని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడులోకి చూస్తే, ఏ జబ్బూ లేకపోయినా కొమ్మల్లాంటి చేతులతో చుట్టూ తడుముతూనే ఉన్నాయి. పిండం తొలి రోజుల్లో పచ్చసొన సంచిలో పుట్టి, మెదడు ఇంకా తయారవుతుండగానే వచ్చి చేరతాయివి.

వచ్చి చేసే పనుల్లో ఒకటి తీసేయడం. పసి మెదడు నాడీకణాల మధ్య అవసరానికి మించి కనెక్షన్లు వేసుకుంటుంది. రక్తంలో క్రిములకు గుర్తు పెట్టే కాంప్లిమెంట్ ప్రొటీన్లే ఇక్కడ అక్కర్లేని కనెక్షన్లకు గుర్తు పెడితే, మైక్రోగ్లియా వాటిని మింగేస్తాయి. కంటి నుంచి మెదడుకు వెళ్లే దారిలో, చురుకు తక్కువున్న కంటి కనెక్షన్లనే ఇవి ఎక్కువగా మింగుతున్నాయని 2012లో ఎలుకల్లో చూశారు.

మా అత్తయ్య వాళ్లది పొగాకు సేద్యం. పెళ్లయిన కొత్తలో నేనూ చేలోకి దిగాను. పూమొగ్గ రాగానే తల తుంచాలి, ఆ తర్వాత ఆకు సందుల్లో వచ్చే పిలకలు గిల్లాలి. గంటకల్లా వేళ్లకు జిగురు పట్టి నల్లబడతాయి, సబ్బుకు లొంగవు. వదిలేస్తే చేను చూడ్డానికి గుబురుగా బాగానే ఉంటుంది. ఆకే తూగదు.

అలాగని ఎక్కువ గిల్లినా నష్టమే. కాంప్లిమెంట్ కుటుంబంలోని సీ4 జన్యువు జోరుగా పనిచేసే రకాలు ఉన్నవాళ్లకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ముప్పు కొంత ఎక్కువని 2016లో తేలింది. కనెక్షన్లు మరీ ఎక్కువగా కత్తిరించడం వల్లేమోనని అనుమానం. కాబట్టి ఇమ్యూనిటీని ‘బూస్ట్’ చేస్తామనే మాట పసిపిల్లల విషయంలో నాకు అర్థం లేనిదిగా కనిపిస్తుంది. ఎంత కావాలో ఆ కణాలు చుట్టూ తడిమి చూసుకుంటాయి, డబ్బా మీద రాసి ఉండదు.

తలో వంటకం తెచ్చుకుని కలిసే మన పాట్‌లక్‌లలో పిల్లల తెలివి గురించి అరగంట మాట్లాడతాం. కడుపుతో ఉన్న అమ్మాయి ఫ్లూ టీకా వేయించుకుందా అని మాత్రం ఎవరం అడగం. తల్లికి గట్టి ఇన్ఫెక్షన్ వస్తే ఆ సెగ బిడ్డ మెదడులోని ఈ కణాలకూ తగలొచ్చు. డబ్బా కొనేవాళ్లు ముందు ఆ టీకా సంగతి చూడాలంటాను.

ఇదంతా ఫోన్లో అత్తయ్యకు చెప్పాను. ‘పిలకలు గిల్లకుంటే ఆకు తూగదని నాకు చెప్తన్నావా అమ్మాయ్?’ అని నవ్వింది. కాసేపాగి, ‘అయితే ఆ రెండు డబ్బాలూ ఏం చేశావ్?’ అంది.