ఎన్ని టీలు తాగావు?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లు రోజుకు ఎంత కెఫీన్ తీసుకుంటున్నారో తేల్చాలి. ప్రశ్నలు రాసింది శ్యామల. ల్యాబ్ పని మస్తాన్‌ది.

మస్తాన్: ఏందమ్మా ఇది, 'రోజుకు ఎన్ని టీలు?' అంటే సరిపోతుందా? జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనే 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములని రాశారు. రోజుకు 300 దాటొద్దన్నారు. ఆరు కప్పులు తాగేవాడు 180 దగ్గరున్నాడా, 390కి పోయాడా? నీ కాగితం చెబుతుందా?

శ్యామల: మన అంగడి గ్లాసులో 150 పడుతుందా అన్నా? సగం పడితే గొప్ప. అందుకే కప్పు మాట ఎత్తను. గ్లాసే చేతికిచ్చి, ఎంతవరకు పోయించుకుంటావని అడుగుతా.

మస్తాన్: అంత తిప్పలెందుకు? దూది నమిలిస్తే చాలు. రక్తంలో కెఫీన్ పెరిగితే ఉమ్ములోనూ పెరుగుతుంది. మిషన్ అబద్ధం చెప్పదు.

శ్యామల: ఏ టైములో ఉమ్ము? పెద్దవాళ్ల ఒంట్లో సగం కెఫీన్ పోవడానికి సుమారు ఐదు గంటలు. సిగరెట్ తాగేవాళ్లలో ఇంకా తొందరగా పోతుంది. ఒకే ఫ్లాస్కులోది తాగిన ఇద్దరికి మీ మిషన్ రెండు అంకెలు చూపిస్తుంది. మనం అడుగుతున్నది ఎంత తాగారని, ఇంకా ఎంత మిగిలిందని కాదు.

మస్తాన్: మరి తలనొప్పి మాత్ర? కొన్నింట్లో కెఫీన్ ఉంటుంది. కూల్‌డ్రింక్ సంగతో?

శ్యామల: అట్ట చూపించమంటా, సీసా పేరు రాసుకుంటా.

మస్తాన్: సరే. గుంట ఓనరు పక్కనే నిలబడితే? కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య మొత్తం పోతుంది. కునుకు తీసినవాడు కూడా 'పది టీలు తాగి మేలుకున్నా' అనే అంటాడు. తక్కువ చెప్పేవాళ్లనే అందరూ అనుమానిస్తారు, ఇక్కడ ఎక్కువ చెబుతారు.

శ్యామల: అది నాకు తట్టలేదు. ఓనరు లేనప్పుడే అడగాలి, పేరు రాసుకోకూడదు.

మస్తాన్: మనిషిని వదిలేద్దాం, ఆ టీనే తీసుకురా, కొలుస్తా.

శ్యామల: ఒక్క గ్లాసు చాలదు. పొద్దున మొదటి వాయి వేరు, పాత పొడి మీదే మళ్లీ పొడేసి మరిగించిన రాత్రి టీ వేరు. ఫ్లాస్కులోంచే పట్టాలి.

మస్తాన్: వాళ్ల టీ మనం పట్టుకొచ్చేస్తే తెల్లవార్లూ వాళ్లేం తాగుతారు? ఇంకో ఫ్లాస్కు టీకి డబ్బులు బడ్జెట్‌లో రాశావా?

శ్యామల: రాయలేదన్నా.