సదరం శాతంతో కొలువు తేలదు

వైద్య పరిశోధనకు నల్గొండ కొత్త పేరేం కాదు. ఇక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న తీరు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లోనే లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడిపోయింది. నీళ్లను పరీక్షించారు, ఎముకలకు ఎక్స్‌రేలు తీశారు, తిండిలో ఏముందో చూశారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో ఆ ఎముకలతోనే జీవితమంతా గడపాల్సిన మనిషి ఏ పని చేయగలడు, ఆ పని ఎవరిస్తారు, అందుకు ఏమేం సర్దుబాట్లు కావాలి అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత శ్రద్ధ కనిపించదు. అక్కడ పింఛనుతో ఆగిపోయాం.

ఫ్లోరైడ్ ప్రాంతమైన చౌటుప్పల్‌లోనే 2015 జూన్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ ఆవిష్కరించారు. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ ముప్పు తగ్గింది, అది పెద్ద విషయమే. అప్పటికే బిగుసుకుపోయిన వెన్నుపూస మాత్రం నీళ్లు మారినంత మాత్రాన సడలదు. ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా ఏళ్ల తరబడి నిలబడిన శివన్నగూడెం అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయనకంటే తక్కువ వైకల్యంతో, పని దొరికితే చేసుకుని బతకాలనుకునే వాళ్లు ఆ మండలాల్లో ఇంకా ఉన్నారు.

వీళ్ల గురించి ఆలోచించాల్సిన చోటు ఇప్పుడు జిల్లాలోనే ఉంది. 2016 వరకు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సర్కారు మెడికల్ కాలేజీ లేదు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండ, సూర్యాపేటలకు 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రిలకు 2024లో వచ్చాయి. బీబీనగర్ ఎయిమ్స్ కూడా పాత నల్గొండ జిల్లాలోదే. సీట్లు, పడకలు, బిల్డింగులు, ఫ్యాకల్టీ కొరత గురించి రోజూ చర్చ జరుగుతూనే ఉంది. ఈ కాలేజీల్లో ఏ పరిశోధన జరగాలనే చర్చ మాత్రం వినపడదు. వైద్య విద్యను, వికలాంగుల ఉపాధిని కలిపి జీవితకాలం పరిశోధించే ప్రొఫెసర్లు ఈ జిల్లాలకు కావాలని నా అభిప్రాయం. ఈ రెండింటికీ సంబంధమేంటని అడిగేవాళ్లు ఒక్కసారి వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు వైపు చూడాలి.

స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన తేదీన దవాఖానకు వెళ్తే డాక్టర్లు పరీక్ష చేసి ఒక శాతం రాస్తారు. చేతి కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలముంది, వేళ్లు పట్టు బిగించగలవా అనేవి చూసి వేసే లెక్క అది. నలభై చేరితే ఒక బతుకు, చేరకపోతే ఇంకో బతుకు. 4,016 రూపాయల వికలాంగుల పింఛను, ఆర్టీసీ బస్సు రాయితీ, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, అన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. అది చెప్పేది శరీరం ఎంత నష్టపోయిందనే. మిగిలిన శక్తితో ఈ మనిషి ఏం చేయగలడో అందులో ఉండదు. ఒకే 60 శాతం సర్టిఫికెట్ ఉన్న ఇద్దరిలో ఒకామె కంప్యూటర్ ముందు రోజంతా పనిచేయగలదు, ఇంకొకాయన గంటసేపు కూర్చోలేడు. కాగితం మీద ఇద్దరూ ఒకటే.

దీనికి క్యాంపులో కూర్చున్న డాక్టరును తప్పుపట్టలేం. ఆర్థోపెడిక్స్ పీజీలో విరిగిన ఎముక అతికించడం నేర్పుతారు. రేషన్ షాపులో కాంటా దగ్గర నిలబడాలంటే, బడిలో పాఠం చెప్పాలంటే, ఫార్మసీలో మందులివ్వాలంటే ఒంట్లో ఏం ఉండాలో, లేనప్పుడు ఏ స్టూలు, ఏ పరికరం, ఏ పనివేళల మార్పు సరిపోతాయో అంత శ్రద్ధగా నేర్పరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్ డాక్టర్లు, నర్సులు, టీచర్ల చదువుల్లో వైకల్యం ఒక భాగం కావాలని స్పష్టంగా చెప్పింది. 2019లో కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు ఫౌండేషన్ కోర్సులో దానికి కొన్ని గంటలు దక్కాయి. 2024 ఆగస్టు చివర్లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ కాస్త చోటు కూడా పోయింది. అవే మార్గదర్శకాల్లోని మరికొన్ని అంశాలపై గొడవ రేగడంతో కమిషన్ వాటిని వారంలోపే వెనక్కి తీసుకుని సెప్టెంబరులో సవరించి మళ్లీ ఇచ్చింది. ఎన్నో ఏళ్ల శ్రమతో పాఠంలోకి వచ్చిన విషయం ఒక్క సంతకంతో ఎగిరిపోవచ్చని ఆ నెల చూపించింది.

ఆ శ్రమ చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్ డాక్టర్ సతేంద్ర సింగ్ గురించి. పసితనంలో పోలియో వచ్చిన మనిషి. వైద్య విద్యార్థులకు వైకల్యం గురించి ఏం నేర్పాలనే దాని మీద పేపర్లు రాశారు, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టారు, కోర్టులకెక్కారు, వైకల్యం ఉన్న డాక్టర్లను ఒక చోటికి చేర్చారు. ఆయన కెరీర్‌లో బోధన, పరిశోధన, ఉపాధి పోరాటం దేనికదిగా ఉండవు. కండరాల క్షీణత ఉన్న ఓం రాథోడ్ అనే విద్యార్థికి ఎంబీబీఎస్ సీటు కుదరదని వైకల్యాన్ని అంచనా వేసే మెడికల్ బోర్డు అన్నప్పుడు సుప్రీంకోర్టు సింగ్ అభిప్రాయం కోరింది. తగిన పరికరాలు, సర్దుబాట్లతో చదవగలడని ఆయన విడిగా ఇచ్చిన నివేదికను 2024 అక్టోబరులో ఆమోదించింది. అదే నెలలో ఇంకో తీర్పులో, కేవలం 40 శాతం వైకల్యం ఉందని సీటు నిరాకరించడం చెల్లదని, విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నదే బోర్డు చూడాలని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో అన్మోల్ అనే విద్యార్థి కేసులోనైతే, ఎంబీబీఎస్‌లో చేరాలంటే ‘రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలి’ అన్న పాత నిబంధననే తప్పుపట్టింది.

రోగుల భద్రత సంగతేంటని కొందరు సీనియర్ డాక్టర్లు అడుగుతున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఊహతో చెప్పకూడదు, పరిశోధనతో చెప్పాలి. రేడియాలజీ, సైకియాట్రీ, పాథాలజీ, పబ్లిక్ హెల్త్ లాంటి విభాగాల్లో ఏ పనికి ఏ శక్తి కావాలో విడమరిచి రాసి ఉంటే బోర్డులకు, కోర్టులకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

మెడికల్ సీట్ల సంగతి అలా ఉంచుదాం. ఈ తీర్పుల వెనకున్న ఆలోచన బస్ డిపోకూ మిల్లుకూ కూడా వర్తిస్తుంది. ఇందుకు మన ఆర్టీసీ కేసే ఉంది. రంగులు గుర్తించలేడని తేలిన ఒక డ్రైవర్‌ను 2016 జనవరిలో వైద్య కారణాలతో ఇంటికి పంపారు. వేరే పని ఇవ్వండని ఆయన అడిగారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 1979లో యాజమాన్యం, కార్మికుల మధ్య కుదిరిన ఒప్పందం ఇంకా అమల్లోనే ఉందని గుర్తుచేసింది. తొమ్మిదేళ్లకు పైగా సాగిన ఈ గొడవలో నన్ను కలవరపెట్టేది ఒక్కటే. డాక్టరు ‘అన్‌ఫిట్’ అని రాసిన కాగితంలోనే ‘స్టీరింగ్‌కు అన్‌ఫిట్, గ్యారేజీకి, స్టోర్స్‌కు ఫిట్’ అని ఇంకో వాక్యం రాసే అలవాటు ఉంటే ఆ కుటుంబం అన్నేళ్లు కోర్టు మెట్లు ఎక్కేదా?

పాలమూరు (మహబూబ్‌నగర్) సంగతి ఇంకా కష్టమైనది. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి వెంట ముంబై, పుణె, హైదరాబాద్ కట్టడాలకు వెళ్లిన మనిషి సెంట్రింగ్ మీద నుంచి పడితే, ఊరికి తిరిగొచ్చేది విరిగిన నడుముతోనే. అతనికి నియామక పత్రం ఉండదు, ఈఎస్ఐ కార్డు ఉండదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదన్న వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ సర్కారు సంస్థలకు వర్తిస్తుంది, మేస్త్రికి కాదు. మహబూబ్‌నగర్ జనరల్ దవాఖానలో ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జ్ అవుతుంది. ఆ తర్వాత ఆరు నెలలకు, రెండేళ్లకు అతను ఏం చేస్తున్నాడో తెలిపే రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది? మళ్లీ బొంబాయికే వెళ్లాడా, మేకలు కాస్తున్నాడా, భార్య ఒక్కతే కూలికి పోతోందా? వెన్నెముక గాయమైనవాళ్లు తిరిగి ఏ పనిలో చేరారో పదేళ్ల పాటు వెంబడించి రాసే ఒక్క ప్రొఫెసర్ ఉంటే, పాలమూరు గురించి మనం చేసే వాదనలన్నిటికీ బలం వచ్చేది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగుల్లో పనిచేస్తున్నవాళ్లు సుమారు 36 శాతమే. ఆ అంకెలో మన జిల్లా మనిషి ఎక్కడున్నాడో తెలియాలంటే ఇక్కడే లెక్క తీయాలి.

ఇది కార్మిక శాఖ పని, డాక్టర్లది కాదని అనొచ్చు. కానీ కార్మిక శాఖ, రిక్రూట్‌మెంట్ బోర్డు, ఆర్టీసీ డిపో, అందరూ చివరికి డాక్టరు కాగితం వైపే చూస్తున్నారు. ఆ కాగితం ఎలా రాయాలో నేర్పేది మెడికల్ కాలేజీయే.

ఇలాంటి పరిశోధనకు ల్యాబులు అక్కర్లేదు. జాతీయ వైద్య కమిషన్ పెట్టిన ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ కింద ఎంబీబీఎస్ విద్యార్థులు ఊళ్లకు వెళ్లి తలా కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని కొన్నేళ్ల పాటు గమనిస్తున్నారు. బీపీ, షుగర్, రక్తహీనత రాసుకునే ఆ ఫారంలో ఇంట్లో వైకల్యం ఉన్నవాళ్ల పని, ఆదాయం, పని మానేసిన కారణం గురించి రెండు మూడు ప్రశ్నలు చేరిస్తే చాలు. ఐదేళ్లలో ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మీద ఎవరి దగ్గరా లేనంత సమాచారం పోగవుతుంది. అస్థి ఫ్లోరోసిస్ చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో పేరుతో లేదు, కదలికకు సంబంధించిన వైకల్యం కింద చూడాల్సిందే. దాన్ని విడిగా గుర్తించాలని అడగాలన్నా ఈ సమాచారమే ఆధారం అవుతుంది.

అడ్డంకి మన కాలేజీల సంస్కృతిలో ఉంది. ప్రమోషన్‌కు పేపర్లు కావాలి, ఓపీ చూసి క్లాసులు చెప్పి మిగిలిన కాస్త టైంలో త్వరగా అయ్యేది చేసేస్తారు. వైద్య విద్య మీద పేపర్ రాస్తే అదేం పరిశోధన అనే చులకన స్టాఫ్ రూముల్లో ఇంకా ఉంది. వైకల్యం, ఉపాధి అంటే సోషల్ వర్క్ వాళ్ల సబ్జెక్టు అంటారు. ఆ దారిలో వెళ్లాలనుకునే యువ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు గైడ్ దొరకడు.

ఢిల్లీ మార్గదర్శకాల కోసం ఆగకుండానే కొన్ని చేయొచ్చు. ఎంబీబీఎస్‌లో ఎలెక్టివ్స్, అంటే ఐచ్ఛిక పాఠాలు ఉన్నాయి, ఏవి పెట్టాలో కాలేజీలే చాలావరకు ఎంచుకోవచ్చు. నల్గొండ కాలేజీ వైకల్యం-ఉపాధి మీద ఒక ఎలెక్టివ్ పెట్టి విద్యార్థులను కొన్నాళ్లు సదరం క్యాంపులో, కొన్నాళ్లు ఆర్టీసీ డిపోలో, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో తిప్పితే చాలు. పాఠం చెప్పేవాళ్లలో వైకల్యం ఉన్న ఉద్యోగులు ఉండాలి, గౌరవ వేతనంతో. కమ్యూనిటీ మెడిసిన్, ఆర్థోపెడిక్స్ పీజీ థీసిస్‌లలో ఏటా కొన్నింటిని ఈ అంశానికి కేటాయించమని వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కాలేజీలను అడగొచ్చు. సదరం సర్టిఫికెట్‌కు జతగా ఏ పనులు చేయగలరో, ఏ సర్దుబాటు కావాలో రాసే ఒక పేజీని ముందు మర్రిగూడ, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట క్యాంపుల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమందికి పని దొరికిందో ఈ జిల్లాల మెడికల్ కాలేజీల వాళ్లే లెక్కగట్టి ప్రచురించాలి.