మా ఆయన సంతకం గారికి

మహారాజశ్రీ సంతకం గారికి,

నా లోను కాగితం మీద పూచీగా తమరు కావాలన్నారని నిన్న మధ్యాహ్నం తమరి కోసం బ్యాంకులో రెండు గంటలు పడిగాపులు కాశాను. సగం రోజు సెలవు పెట్టించి, తిరుపతి ఎండలో కొర్లగుంట నుంచి స్కూటర్ మీద తమరిని రప్పిస్తే, ఆ గడిలో తమరు పడే సమయానికి సర్వర్ పడుకుంది. "రేపు రండమ్మా, సార్‌ని కూడా తీసుకురండి" అన్నారు.

అడిగింది పొడులు పట్టే మర కొనడానికి నాలుగు లక్షల అప్పు. పీఎంఈజీపీ, అదే సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో ఇప్పించే లోను పథకం, దాని కాగితం రెండుసార్లు చదివాను. ఆడవాళ్లు చేతి డబ్బు 5 శాతం పెట్టుకుంటే చాలట. సబ్సిడీ టౌనులో 25 శాతం, పల్లెలో 35. 10 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. తమరి పేరు మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు.

తమరి పరపతి నాకు తెలియనిది కాదు. అప్పులు ఎంత సరిగ్గా కడతామో చెప్పే సిబిల్ స్కోరు మా ఆయనకు నాకన్నా తక్కువ. ఆగిపోయిన ఆయన బైకు కంతులు చివరికి కట్టింది నా చెనిక్కాయల పొడే. అయినా నాకు పూచీ తమరే!

నేను ఫైలు పట్టుకుని నిలబడి ఉంటే మా ఆయనకు కుర్చీ వేశారు. "నెలకు ఎన్ని కిలోలు పోతాయి సార్?" మా ఆయన నావైపు చూశాడు. నూట ఇరవై అన్నాను. ఆఫీసరు మా ఆయన్నే చూస్తూ రాసుకున్నారు. "మిరపకాయలు ఎక్కడ కొంటారు సార్?" మళ్లీ నావైపు చూపు. ఇలా ఏడు ప్రశ్నలు. నేను చెప్పిన జవాబు ఆయన మీసాల మీదుగా వెళ్తేగానీ కాగితం మీద పడలేదు.

అప్పు సంగతి ఈ ఊరికి కొత్తా? కొండమీది స్వామే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు. ఆ పత్రానికి బ్రహ్మ, శివుడు సాక్షులంటారు. సిరులన్నీ లక్ష్మమ్మవే కదా, "మీ ఆవిడ రాలేదా స్వామీ?" అని కుబేరుడు అడిగినట్టు మాత్రం నేను వినలేదు.

సబ్సిడీ గారికి కూడా నా దండాలు చెప్పండి. మంజూరయ్యాక కూడా మూడేళ్లు డిపాజిట్‌లోనే ఉంటారట, మన గోవిందరాజస్వామిలాగా కుంచం తలకింద పెట్టుకుని. మార్చి 8న మహిళా దినోత్సవమని శాలువా కప్పి ఫోటో తీసుకున్నవాళ్లకూ దండాలు. ఆ శాలువాలో ఇప్పుడు మిరపకాయలు మూట కట్టాను.

అసలు ఏం చేస్తావు నువ్వు? రాత్రి పన్నెండింటికి ఘాటుకు తుమ్ముతూ ప్యాకెట్లు సీలు వేసేది నేను. "రేపిస్తాలే అక్కా" అనే కొట్టు చుట్టూ మూడు వారాలు తిరిగేది నేను. నువ్వేమో ఒక వంకర గీత, కింద రెండు చుక్కలు. అదీ నా పెన్నుతోనే!

రాత్రి అన్నం తింటూ మా ఆయన ఉన్నట్టుండి, "నూట ఇరవై కిలోలా! ఎప్పుడు చేస్తా ఉండావే అంతా?" అన్నాడు. కోపం సగం దిగింది. మిగతా సగం ఇవాళ పదిన్నరకు నీతోపాటే బ్యాంకుకు తీసుకొస్తున్నా.

ఇట్లు,
సార్ వాళ్ల ఆవిడ