సీసా వీధి మలుపులో ఉంటే, మానిపించే మనిషి ఎందుకంత దూరం?

మా బావ పన్నెండేళ్లు తాగాడు. మొన్న దసరా వెళ్లాక కూతురి తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుని, ఒక్కసారిగా మానేశాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మూడో రాత్రి ఒంటిగంటకు అక్క ఫోను చేసింది. "గోడ మీద పాములు పాకుతున్నాయంటున్నాడే, తొందరగా రా!"

నేను వెళ్లేసరికి బావ చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా పెదవుల దాకా రావడం లేదు, సగం ఒళ్లోనే ఒలికిపోతోంది. పక్కింటి పెద్దాయన, "గాలి సోకిందమ్మా, తాయెత్తు కట్టించండి" అన్నాడు.

గాలీ కాదు, ధూళీ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, భ్రమలు రావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. అందుకే డాక్టరు చూస్తుండగా మాన్పించాలంటారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు ఇలాంటివాళ్లు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వరుసగా వచ్చారని పేపర్లలో చదివాం, మర్చిపోయాం. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లదీ ఇదే అవస్థ. ఇది బస్తీలో ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయం. మాకు చెప్పినవాళ్లు లేరు.

ఆ రాత్రి అత్యవసర వైద్యంతో గండం గడిచింది. అసలు వెతుకులాట తెల్లారాక మొదలైంది. ఒక ప్రైవేటు కౌన్సెలర్ ఒక్కసారి కూర్చోవడానికి 1,500 రూపాయలన్నారు. బావ ఆటో నడుపుతాడు. కిస్తీ, గ్యాస్ పోను చేతికి మిగిలేది ఎంతో ఆటోవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు. ఇంకోచోట వ్యసన విముక్తి కేంద్రం అని బోర్డు పెట్టుకున్నవాళ్లు నెలకు 25,000 ముందే కట్టమన్నారు. గేటుకు లోపలి నుంచి తాళం. నెల దాకా ఇంట్లోవాళ్లు చూడకూడదట. రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే మాట మార్చారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన కిందికే తెచ్చింది. అందుబాటు ధరలో వైద్యం పొందడం హక్కు అంది. రోగిని గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధించింది. అలాంటి చోట బావను వదిలి రావడానికి అక్కకు మనసొప్పలేదు.

చివరికి ఎర్రగడ్డకే వెళ్లాం. "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అని తిట్టుకునే ఊరు మనది. దయచేసి ఆ మాట మానండి. ఆ ఒక్క మాట వల్లే బావ మెట్రోలో తల దించుకుని కూర్చున్నాడు, తెలిసినవాళ్లు ఎదురైతే ఎక్కడికని అడుగుతారేమోనని. తీరా వెళితే అక్కడి డాక్టరు తిట్టలేదు, నీతులు చెప్పలేదు. "ఇది పొగరు కాదు, జబ్బు. తగ్గుతుంది" అన్నారు. పన్నెండేళ్లలో బావతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. మందులకు పైసా తీసుకోలేదు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, ఈ జబ్బు మందులతోనే పోదు. నెలల తరబడి ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడాలి. బోడుప్పల్ నుంచి బస్సులో ఉప్పల్, అక్కడి నుంచి మెట్రోలో అమీర్‌పేట్, మళ్లీ రైలు మారి ఎర్రగడ్డ. వెళ్లిన ప్రతిసారీ ఒకరోజు సంపాదన పోతుంది. ఇది ఆస్పత్రి తప్పు కాదు, దూరం తప్పు. బావ రెండుసార్లు వెళ్లడం మానేశాడు, మూడోవారం మళ్లీ తాగాడు. తాగి వచ్చి ఏడ్చాడు.

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వానికి, బస్తీ దవాఖానాలో వారానికి రెండు సాయంత్రాలు ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టడం అంత కష్టమా? భవనం ఉంది, నర్సు ఉంది, బీపీకీ షుగరుకూ జనం ఎలాగూ వస్తున్నారు. అదే వరుసలో నిలబడితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. సిగ్గుకు అంతకన్నా మంచి మందు నాకు కనిపించడం లేదు. సాయంత్రాలే ఎందుకంటే, కూలికెళ్లేవాళ్లు పగలు రాలేరు.

అంతదాకా ఉన్నవాటినైనా వాడుకోండి. 14416కు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మత్తుపదార్థాల విషయమైతే 14446 ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు, పేరూ ఊరూ చెప్పక్కర్లేదు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది.

ఇంట్లోవాళ్ల మాట ప్రత్యేకంగా ఎందుకు ఎత్తానంటే, ఇన్ని చోట్లకు తిరిగినా మా అక్కను "నువ్వెలా ఉన్నావు" అని అడిగింది ఎర్రగడ్డలో ఒక నర్సమ్మ ఒక్కరే. అక్క సమాధానం చెప్పలేకపోయింది. చేతిలో ఉన్న ఓపీ చీటీని మడతపెడుతూ, విప్పుతూ అలాగే నిలబడింది.

వచ్చే మంగళవారం మళ్లీ వెళ్లాలి. బావ వస్తానన్నాడు. ఈసారి నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. బావ డాక్టరు దగ్గర ఉన్నంతసేపూ అక్క పక్కన కూర్చోవడానికి.